జిప్సీ చక్రం గాల్లో తిరుగుతోంది: లిఫ్ట్ కిట్ వేయించాలా, ఉన్న కమాన్లతోనే పనవుతుందా?

గుణుపురం జిప్సీ | శనివారం రాత్రి 9.40

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలోని గుణుపురం. కొండ ఊళ్లలో చింతపండు, పసుపు కొని కిందికి తెచ్చి అమ్మే వ్యాపారం, నాన్నగారి నుంచి వచ్చింది. ఆయన కావిళ్ల వాళ్లని వెంటేసుకుని సంతలు తిరిగేవారు. నేను 2007 జిప్సీ కింగ్ వేసుకుని తిరుగుతున్నాను. బండి సెకండ్ హ్యాండ్, కొని మూడేళ్లయింది. మడ్ టైర్లు తప్ప మిగతాదంతా, కమాన్లతో (పట్టీలు దొంతరగా పేర్చిన స్ప్రింగులు) సహా, కంపెనీ నుంచి వచ్చినట్టే ఉందనుకుంటున్నాను.

పుట్టసింగి దాటాక ఒక సవర ఊరికి మట్టిదారి ఉంది. మొన్న వానలకి నీళ్లు ఆ దారిని మూలగా కోసేశాయి. మోకాలి లోతు గండి. ముందు ఎడమ చక్రం అందులోకి దిగేసరికి వెనక కుడి చక్రం గాల్లోకి లేస్తుంది. ఫోర్ వీల్ వేసినా ఆ రెండే గిరగిరా తిరుగుతాయి, నేల మీదున్న రెండూ కదలవు. పోయిన వారం ఆరు బస్తాలు అర కిలోమీటరు మోయించాల్సి వచ్చింది. కూలీ పోతే పోయింది, ఊరి పిల్లలు చుట్టూ చేరి నవ్విన నవ్వు మాత్రం మర్చిపోలేకపోతున్నాను.

విశాఖలో ఒక షాపువాళ్లు బండిని పైకి లేపే 4 అంగుళాల లిఫ్ట్ కిట్ వేసుకోమన్నారు, బిగింపుతో కలిపి 70,000. అది వేస్తే ఫ్లెక్స్, అంటే గుంతని బట్టి చక్రాలు కిందికీ పైకీ కదిలే వెసులుబాటు, పెరుగుతుందా? తెలిసినవాళ్లు చెప్పండి.

డొంకదారి | శనివారం రాత్రి 9.58

ముందు చక్రాల హబ్బులు లాక్ చేశావా తమ్ముడూ? లేకపోతే ఫోర్ వీల్ వేసినా వాటికి ఇంజిన్ శక్తి అందదు.

గుణుపురం జిప్సీ | శనివారం రాత్రి 10.05

చేశాను అన్నయ్యా. మొదటి ఏడాది ఒకసారి మర్చిపోయిన మాట నిజమే, ఇప్పుడు కాదు.

కోరాపుట్ థార్ | శనివారం రాత్రి 10.31

ఎత్తు వేరు, ఫ్లెక్స్ వేరు బ్రదర్. ఈ పాఠం నేను డబ్బు పోసి నేర్చుకున్నాను.

నాది పాత థార్ సీఆర్‌డీఈ, 2016 మోడల్. ముందు ఇండిపెండెంట్ సస్పెన్షన్ (ఏ చక్రానికా చక్రం విడిగా కదిలేది), టోర్షన్ బార్లు (మెలితిరిగి స్ప్రింగులా పనిచేసే కడ్డీలు). వెనక కమాన్లు. కొన్న కొత్తలో ఒక మెకానిక్ మాట విని ముందు టోర్షన్ బార్లు బిగించి రెండు అంగుళాలు లేపించాను. బండి చూడ్డానికి సింహంలా ఉండేది. దేవమాలి కొండకి వెళ్లినప్పుడు పక్కనున్న రాళ్ల దారిలో దింపితే అంతకుముందు హాయిగా దాటిన చోటే చక్రం లేవడం మొదలైంది. కారణం తర్వాత అర్థమైంది. బార్ బిగిస్తే బండి పైకి లేస్తుంది కానీ చక్రం దిగే హద్దు ఎక్కడున్నది అక్కడే ఉంటుంది. అంటే కిందికి దిగడానికి మిగిలిన జాగా తగ్గిపోయింది. గుంత వస్తే చక్రం దిగదు, వేలాడుతుంది. పైగా డ్రైవ్ షాఫ్ట్ కోణం పెరిగి నాలుగు నెలల్లో రెండు వైపులా రబ్బరు బూట్లు చిరిగాయి. మళ్లీ మామూలుగా దింపించాను.

నన్ను కాపాడేది వెనకున్న లాకింగ్ డిఫరెన్షియల్ (ఇంజిన్ శక్తిని రెండు చక్రాలకీ పంచే గేర్ల పెట్టె, లాకయ్యే రకం). ఒక చక్రం జోరుగా తిరిగితే టక్కుమని పట్టేసి రెండిటినీ కలిపి తిప్పుతుంది. మీ జిప్సీకి అది లేదు కాబట్టి చక్రాలు నేల మీద ఉంచుకోవడమే మీ దారి.

పాతజీపు మేస్త్రి | ఆదివారం ఉదయం 6.15

బాబూ, మాది రాయగడ. ముప్పై ఏళ్లుగా కమాన్ బళ్లే విప్పుతున్నాను, బిగిస్తున్నాను. ముందు ఇవి చెప్పు.

కమాన్ పట్టీల మధ్య తుప్పు ఉందా? షాకిళ్ల (కమాన్ చివరని ఛాసిస్‌కి కలిపే ఊగే లింకులు) దగ్గర రబ్బరు బుష్‌లు ఎప్పుడు మార్చారు? మార్చినప్పుడు నట్లు బిగించింది బండి జాకీ మీద ఉండగానా, చక్రాలు నేల మీద ఉండగానా? షాకులు (షాక్ అబ్జార్బర్లు) కంపెనీవా, ఎవరైనా మార్చారా?

లిఫ్ట్ కిట్ సంగతి తర్వాత.

గుణుపురం జిప్సీ | ఆదివారం ఉదయం 7.20

మేస్త్రిగారూ, ఇప్పుడే కిందకి దూరి చూశాను. పట్టీల మధ్య తుప్పు ఎర్రగా పొరలు కట్టి ఉంది. బుష్‌లు ఏడాది క్రితం మార్పించాను, బండి స్టాండు మీద ఉండగానే గన్నుతో బిగించేశారు. వెనక షాకులు కంపెనీవి కావు, ఏ బండివో తెలీదు, కొన్నప్పటి నుంచీ ఇవే.

పాతజీపు మేస్త్రి | ఆదివారం ఉదయం 7.45

అయితే నీ రోగం దొరికినట్టే.

కమాన్ కట్ట ఒక చివర ఛాసిస్‌కి నేరుగా తగిలి ఉంటుంది, రెండో చివర షాకిల్‌కి. కట్ట వంగినా సాగినా పొడవు మారుతుంది కాబట్టి షాకిల్ ఉయ్యాలలా ఊగాలి. ఆ బోల్టు చుట్టూ ఉన్న రబ్బరు మెలితిరిగితేనే ఊగుతుంది. చక్రాలు వేలాడుతుండగా నట్టు బిగిస్తే రబ్బరు ఆ భంగిమలోనే పట్టేసుకుంటుంది. తర్వాత బండి నేల మీద నిలబడగానే రబ్బరు అప్పటికే సగం మెలిక తిరిగి ఉంటుంది. ఇక చక్రం పైకి లేవాలంటే ఆ మెలికతో పోట్లాడాలి. బుష్ తొందరగా చిరిగేదీ అందుకే. కాబట్టి కమాన్ చివర్లలోని గుండ్రటి కంటి బోల్టులన్నీ వదులు చెయ్యి, బండి దాని బరువు మీద అది నిలబడ్డాక నాలుగుసార్లు ఊపు, అప్పుడు బిగించు. పైసా ఖర్చు లేదు.

రెండోది తుప్పు. పట్టీలు ఒకదాని మీద ఒకటి జారాలి. తుప్పుకి అతుక్కుంటే ఐదు పట్టీలు కలిసి ఒకే దిమ్మ అవుతాయి. కట్ట విప్పి, వైర్ బ్రష్‌తో గీకి, పట్టీ చివర్లు కింది పట్టీని కోసిన చోట గాళ్లు ఉంటే గ్రైండర్‌తో నున్నగా చెయ్యి. సెంటర్ బోల్టు విప్పేటప్పుడు మాత్రం జాగ్రత్త. కట్ట విచ్చుకుని మొహం మీదికి వస్తుంది. రెండు వైపులా సీ క్లాంపు వేసి, మెల్లగా వదులు. మా షెడ్డులో ఒక కుర్రాడికి పై పళ్లు రెండు పోయాయి.

గ్రీజు బాగా రాయమని చెప్పేవాళ్లు చెబుతారు. మన ఎర్రమట్టిలో గ్రీజు రాస్తే నెలకల్లా అది గరుకు కాగితం అవుతుంది. పట్టీ చివర్ల కింద పెట్టే నైలాన్ ముక్కలు దొరికితే అవి పెట్టు. లేకపోతే గ్రాఫైట్ పల్చగా పూసి వదిలెయ్యి.

డొంకదారి | ఆదివారం ఉదయం 9.10

ఇంత శ్రమెందుకు మేస్త్రిగారూ? వెనక కట్టలో రెండు పట్టీలు పీకేస్తే మెత్తబడిపోతుంది కదా. మా బావమరిది అలాగే చేశాడు, సూపర్ ఫ్లెక్స్.

పాతజీపు మేస్త్రి | ఆదివారం ఉదయం 9.25

మీ బావమరిది బండిలో బస్తాలు మోస్తాడా?

డొంకదారి | ఆదివారం ఉదయం 9.27

లేదండీ. ఫొటోలు దిగుతాడు.

పాతజీపు మేస్త్రి | ఆదివారం ఉదయం 9.50

ఈ అబ్బాయి ఖాళీగా ఎక్కి, 300 కిలోలతో దిగుతాడు. రెండు పట్టీలు తీస్తే లోడుతో కట్ట చదునైపోయి, ప్రతి గుంతకీ హౌసింగ్ (చక్రాల ఇరుసు గొట్టం) బంప్ స్టాపుకి (అది మరీ పైకి రాకుండా ఆపే రబ్బరు దిమ్మ) కొట్టుకుంటుంది. కింద ఆదుకునే పట్టీలు లేక మెయిన్ పట్టీ కంటి దగ్గర విరుగుతుంది. విరిగితే హౌసింగ్ ఒక పక్కకి జరిగి బండి లోయ వైపు తిరుగుతుంది. పట్టీలు తియ్యకు. కట్ట చుట్టూ ఉండే క్లిప్పులు మరీ నొక్కేసి ఉంటే మాత్రం కొంచెం విప్పు, చక్రం దిగేటప్పుడు పట్టీలు కాస్త విచ్చుకోనీ. అది చాలు.

బరంపురం లెక్కలు | ఆదివారం ఉదయం 11.30

నేను పాలిటెక్నిక్‌లో పాఠాలు చెబుతాను, చూస్తూ ఊరుకోలేక రాస్తున్నాను.

మామూలు డిఫరెన్షియల్ రెండు చక్రాలకీ ఎప్పుడూ ఒకే టార్క్ (తిప్పే బలం) పంచుతుంది. గాల్లో ఉన్న చక్రం తిరగడానికి టార్క్ దాదాపు అక్కర్లేదు. కాబట్టి నేల మీదున్న రెండోదానికీ దాదాపు సున్నాయే అందుతుంది. జిప్సీలో ఫోర్ వీల్ వేస్తే ముందు, వెనక షాఫ్టులు కలిసి తిరుగుతాయి, మధ్యలో డిఫరెన్షియల్ లేదు. అందుకే ఒక్క చక్రం లేస్తే బండి ఆగదు. మూలకి మూల రెండు లేస్తేనే ఆగుతుంది. గుణుపురం వారి గండి సరిగ్గా అదే చేస్తోంది.

చక్రం పూర్తిగా లేవక్కర్లేదు కూడా. తేలికపడితే చాలు, జారుతుంది. ఫ్లెక్స్ కోసం తాపత్రయమంతా చక్రం నేలకి తగలడం గురించే అనుకుంటాం. అసలు సంగతి ఆ చక్రం మీద ఎంత బరువు మిగిలిందన్నది.

ఇంకొకటి. ఏ మార్పు చేసినా ముందూ వెనకా కొలవండి. లేకపోతే డబ్బు పెట్టిన ప్రతిదీ బాగున్నట్టే అనిపిస్తుంది. పద్ధతి తేలిక. ఒక ముందు చక్రాన్ని ర్యాంపు మీదికి ఎక్కించుకుంటూ పోవాలి. ఏదో ఒక చక్రం నేల వదిలే సమయానికి ర్యాంపు మీద ఎంత దూరం ఎక్కిందో కొలిచి, దాన్ని వీల్‌బేస్‌తో భాగించి, 1000తో గుణించాలి. విదేశాల్లో మామూలుగా 20 డిగ్రీల ర్యాంపు వాడతారు. జిప్సీ వీల్‌బేస్ 2375 మి.మీ.

గుణుపురం జిప్సీ | ఆదివారం మధ్యాహ్నం 1.05

మాస్టారూ, మా ధాన్యం గోడౌన్‌లో లోడింగ్ ర్యాంపు ఉంది. టేపు పెట్టి చూశాను. 3 మీటర్ల పొడవుకి 1 మీటరు లేస్తోంది.

బరంపురం లెక్కలు | ఆదివారం మధ్యాహ్నం 1.12

19 డిగ్రీల చిల్లర. భేషుగ్గా సరిపోతుంది. డ్రైవరు ఒకడు, చక్రం కింద కాగితం పెట్టి లాగి చూసేవాడు ఒకడు ఉండాలి. కాగితం ఊడివస్తే చక్రం లేచినట్టు.

సిరోంచ జిమ్నీ | ఆదివారం సాయంత్రం 4.40

మాది సిరోంచ, గడ్చిరోలి జిల్లా. ప్రాణహిత ఇసుకలో తిరిగేవాడిని కాబట్టి నాకు ఫ్లెక్స్ కన్నా టైర్లో గాలి ముఖ్యం. కానీ ఈ చర్చ చూస్తే ఒకటి చెప్పాలనిపించింది. మీరంతా ఇనుము గురించి మాట్లాడుతున్నారు, గాలి గురించి ఎవరూ ఎత్తలేదు.

మట్టిదారి మొదలైన చోట ఆగి 26 ఉన్న గాలిని 18 పీఎస్ఐకి దించండి. టైరు గోడ మెత్తబడి రాయిని మింగుతుంది, నేలని ఎక్కువ పట్టుకుంటుంది. తారు రోడ్డెక్కే ముందు మళ్లీ నింపుకోవాలి, సిగరెట్ లైటర్‌కి పెట్టుకునే పంపు చాలు. 15 కన్నా కిందికి మాత్రం వద్దు, మలుపులో టైరు రిమ్ము వదిలేస్తుంది.

నా జిమ్నీలో రెండు వైపులా రిజిడ్ హౌసింగ్, కాయిల్ స్ప్రింగులు, తిరిగిపోయే చక్రానికి బ్రేకు పట్టే ఏర్పాటు ఉంది. అయినా సోమనూరు సంగమం దగ్గర బండల మీద ముందు యాంటీ రోల్ బార్ లింకు ఒక పక్క విప్పితే చక్రం దిగే తీరులో తేడా కనిపించింది. బార్ పనే రెండు చక్రాలనీ కలిపి కట్టెయ్యడం కదా. తిరుగు ప్రయాణంలో రోడ్డెక్కే ముందు లింకు బిగించాలి, లేకపోతే మలుపుల్లో బండి పడవలా ఒరుగుతుంది.

గుణుపురం జిప్సీ | ఆదివారం సాయంత్రం 5.15

నా బండికి ఆ బార్ లేదన్నా. గాలి మాత్రం రేపటి నుంచి దించుతాను. ఇన్నాళ్లూ 30 పెట్టుకుని ఎక్కుతున్నాను. సిగ్గుగా ఉంది.

కోరాపుట్ థార్ | ఆదివారం సాయంత్రం 6.00

ఇంకో ఆలోచన. జిప్సీలో కమాన్లు హౌసింగ్ కింద ఉంటాయి కదా. వాటిని హౌసింగ్ పైకి మారిస్తే ఏ కిట్టూ లేకుండా నాలుగైదు అంగుళాలు లేస్తుంది. చాలామంది చేస్తారు.

పాతజీపు మేస్త్రి | ఆదివారం రాత్రి 8.20

చేస్తారు. సగం మంది తర్వాత నా దగ్గరికొస్తారు.

హౌసింగ్ మీద కొత్త సీట్లు వెల్డింగ్ చెయ్యాలి, ఆ కోణం ఒక్క డిగ్రీ అటూఇటూ అయితే షాఫ్టు జాయింట్ క్రాసులు గుంయ్‌మంటాయి. ముందు స్టీరింగ్ రాడ్డు కమాన్‌కి తగులుతుంది, దాన్నీ మార్చాలి. ఎక్కుడులో గట్టిగా యాక్సిలరేటర్ తొక్కితే హౌసింగ్ మెలితిరిగి కట్ట ఎస్ ఆకారంలోకి వస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, జిప్సీ అసలే ఇరుకు బండి, ఇంకా ఎత్తయితే పక్కవాలులో బస్తాలతో సహా పడుకుంటుంది.

పొడుగు షాకిళ్ల సంగతీ అంతే. రెండు అంగుళాలు పొడుగైనది వేస్తే బండి లేచేది ఒక్క అంగుళమే. ముందు వేస్తే హౌసింగ్ కొంచెం ముందుకి తిరిగి క్యాస్టర్ (స్టీరింగ్‌ని తిన్నగా నిలిపే వాలు) తగ్గుతుంది, స్టీరింగ్ తేలిపోతుంది.

కోరాపుట్ థార్ | ఆదివారం రాత్రి 8.35

ఒప్పుకున్నాను గురువుగారూ. చట్టం మాట కూడా ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలో ఉన్న కంపెనీ వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లు ముందు చూసేది అదే.

గుణుపురం జిప్సీ | తర్వాతి ఆదివారం రాత్రి 9.15

పని అయింది. వరసగా చెబుతాను.

గురువారం ఏదీ ముట్టుకోకుండా ర్యాంపు ఎక్కించాను. 760 మి.మీ. దగ్గర వెనక చక్రం కింద కాగితం ఊడొచ్చింది. మాస్టారి లెక్కలో 320.

శుక్రవారం నాలుగు కట్టలూ విప్పాం. నేనూ, మా తమ్ముడూ, పక్క వీధి లారీ మెకానిక్కూ. పట్టీల మధ్య నుంచి రాలిన తుప్పు చేటెడు ఉంది. వెనక ఎడమ కట్టలో మూడో పట్టీ చివర రెండో పట్టీని గోరు దిగేంత లోతుగా కోసేసింది. నైలాన్ ముక్కలు దొరకలేదు, గ్రాఫైటే పూశాం. బుష్‌లు ఏడాదికే చీలిపోయాయి, మేస్త్రిగారు చెప్పిన కారణమే అయ్యుండాలి. కొత్తవి వేసి, బండి నేల మీద దిగాక, నేనూ తమ్ముడూ బంపరు మీద ఎక్కి గెంతి, అప్పుడు బిగించాం. మా అమ్మ వాకిట్లోంచి చూసి ఈ వయసులో ఇదేం ఆటరా అంది.

మళ్లీ ర్యాంపు: 910. అంటే 383. బుష్‌ల ఖర్చు తప్ప ఇంకేమీ పెట్టకుండా!

తర్వాత షాకులు. వెనక షాకు కింది బోల్టు విప్పగానే హౌసింగ్ ఇంకో రెండున్నర అంగుళాలు దిగిపోయింది. అంటే ఇన్నాళ్లూ చక్రాన్ని గాల్లో పట్టుకుని ఉన్నది ఆ పొట్టి షాకే. కమాన్ దిగనిస్తానంటే షాకు వద్దంటోంది. పొడుగు షాకులు కొనబోతూ ఆగి మేస్త్రిగారికి మెసేజ్ పెట్టాను, మంచి పని చేశాను.

పాతజీపు మేస్త్రి | తర్వాతి ఆదివారం రాత్రి 9.30

అందరికీ పనికొస్తుందని ఆ మాట ఇక్కడా రాస్తున్నాను. పొడుగు ఒక్కటీ చూసి షాకు కొనకూడదు. రెండు కొలతలు కావాలి. హౌసింగ్ పూర్తిగా దిగినప్పుడు రెండు బోల్టుల మధ్య దూరం ఒకటి, బంప్ స్టాపుకి ఆనినప్పటి దూరం రెండోది. షాకు సాగిన పొడవు మొదటిదానికన్నా కొంచెం ఎక్కువ ఉండాలి, మూసుకున్న పొడవు రెండోదానికన్నా తక్కువ ఉండాలి. మూసుకున్నది ఎక్కువైతే లోడుతో గుంతలో పడ్డప్పుడు బరువంతా షాకు మీదే పడి, దాని తలో, ఛాసిస్ మీది బ్రాకెట్టో ఊడుతుంది.

గుణుపురం జిప్సీ | తర్వాతి ఆదివారం రాత్రి 9.50

ఆ కొలతలతో నాలుగు షాకులూ మార్చాను. ఇక్కడే ఒక గండం తప్పింది. హౌసింగ్ పూర్తిగా దించి కింద దూరి చూస్తే వెనక బ్రేక్ హోస్ వీణ తీగలా బిగుసుకుని ఉంది. ఇంకో అంగుళం దిగితే తెగేదే, అదీ కొండ దిగుడులో. పొడుగు హోస్ వేయించి, బ్రేకుల్లో గాలి తీయించాను. హౌసింగ్ లోపలి గాలి పోయే బ్రీదర్ గొట్టమూ అలాగే లాగుతోంది, దాన్నీ మార్చాను. ప్రొపెల్లర్ షాఫ్ట్ స్లైడింగ్ జాయింటు లోపల ఇంకా సరిపడా పళ్లు పట్టుకునే ఉన్నాయి, అది ముట్టుకోలేదు.

చివరి కొలత 1090, అంటే 459. ఆరు బస్తాలు వేసి చూస్తే 1150. మొత్తం ఖర్చు కూలీతో కలిపి 16,000 లోపు.

బరంపురం లెక్కలు | తర్వాతి ఆదివారం రాత్రి 10.10

760 నుంచి 1090. మీ ర్యాంపు వాలు మూడుకి ఒకటి కాబట్టి చక్రం నిలువుగా 110 మి.మీ. ఎక్కువ ఎక్కింది. నాలుగు అంగుళాల పైమాట. బండి మాత్రం ఒక్క అంగుళం కూడా లేవలేదు. లోడుతో ఇంకా పెరగడం సబబే, వెనక చక్రాన్ని కిందికి నొక్కే బరువు తోడయింది. ఈ అంకెలు క్లాసులో వాడుకుంటాను, అభ్యంతరం లేదు కదా?

గుణుపురం జిప్సీ | మంగళవారం రాత్రి 8.05

వాడుకోండి మాస్టారూ.

ఈరోజు గండి దాటాను. గాలి 18, లో గేరు, మొదటి గేరు. వెనక కుడి చక్రం ఇప్పటికీ తేలికపడుతోంది, అబద్ధం చెప్పను. ఒకచోట లేచి అర చుట్టు తిరిగింది కూడా. అప్పుడు యాక్సిలరేటర్ వదలకుండా ఎడమ కాలితో బ్రేకు కొద్దిగా నొక్కాను, తిరిగేది ఆగి అవతలి చక్రం పట్టు దొరకబుచ్చుకుంది. తిరుగు ప్రయాణంలో ఆరు బస్తాలతో ఆ అవసరం కూడా రాలేదు. పిల్లలు ఈసారీ చుట్టూ చేరారు కానీ చూడ్డానికేమీ లేక వెళ్లిపోయారు.

తారు రోడ్డు మీద మలుపుల్లో బండి ఇదివరకటి కన్నా కొంచెం ఎక్కువ ఒరుగుతోంది. 50 దాటకుండా నడుపుతున్నాను.

సిరోంచ జిమ్నీ | మంగళవారం రాత్రి 8.30

గండిలో నాలుగు రాళ్లు వేసి ఉంటే ఇదంతా తప్పేది కదా అన్నా?

గుణుపురం జిప్సీ | మంగళవారం రాత్రి 8.41

వేశాం. రెండుసార్లు. రెండుసార్లూ వానకి కొట్టుకుపోయాయి.

పాతజీపు మేస్త్రి | బుధవారం ఉదయం 6.05

బాబూ, కట్టలు విప్పి బిగించాక పట్టీలు సర్దుకుంటాయి. 200 కిలోమీటర్లు తిరిగి ఉంటావు. లోడు దించి యూ బోల్టులు (కట్టని హౌసింగ్‌కి పట్టి ఉంచేవి) మళ్లీ బిగించు. పాత యూ బోల్టులే వాడావా, కొత్తవి వేశావా?

గుణుపురం జిప్సీ | బుధవారం ఉదయం 7.30

పాతవే మేస్త్రిగారూ. ఇప్పుడే స్పానర్ పెట్టి చూశాను, వెనక ఎడమ వైపు ఒక నట్టు ముప్పావు చుట్టు తిరిగింది. ఎనిమిదీ కొత్తవి తేవడానికి రాయగడ బస్సెక్కుతున్నాను. మీ షెడ్డు ఎన్నింటిదాకా ఉంటుంది?